వరుస చివర కనిపించని అక్షరం: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

బెంగళూరు పాఠకుల నుంచి ఈ నెల వచ్చిన ప్రశ్నల్లో చాలావాటికి మూలం ఒకటే: విండోస్, మ్యాక్, లినక్స్ మెషీన్లు ఒకే రెపోలో, అంటే గిట్ అనే సాధనం కోడ్‌నూ దాని మార్పుల చరిత్రనూ దాచే చోట, పనిచేస్తుంటే వరుస చివరల దగ్గర వచ్చే పేచీ. అందుకే వాటన్నిటినీ ఒకచోట చేర్చాం. కమాండ్లను తెలుగు లిపిలో ఇచ్చాం. టైపు చేసేటప్పుడు ఇంగ్లిషు అక్షరాల్లో కొట్టుకోవాలి. చుక్కలు, గీతలు మాత్రం ఉన్నవి ఉన్నట్టే.

ప్రశ్న: మా టీమ్‌లో ఆరుగురం. నలుగురివి మ్యాక్‌లు, ఇద్దరివి విండోస్ ల్యాప్‌టాప్‌లు. ఫైల్లో రెండు వరుసలు మారిస్తే పుల్ రిక్వెస్టులో (మార్పులను కలపమని కోరే పేజీలో) ఫైలు మొత్తం తీసేసినట్టు ఎర్రగా, చేర్చినట్టు పచ్చగా వస్తోంది. ఎడమ పక్కదీ కుడి పక్కదీ అక్షరం అక్షరం పోల్చి చూశాను, తేడా కనిపించలేదు. తప్పు ఎవరి మెషీన్‌లో ఉన్నట్టు?
— మారతహళ్లి నుంచి ఒక పాఠకురాలు

జవాబు: తేడా ఉంది, కానీ తెరమీద కనిపించదు. ప్రతి వరుస చివరా ఒక గుర్తు ఉంటుంది. యూనిక్స్ కుటుంబంలో, అంటే లినక్స్‌లోనూ ఇప్పటి మ్యాక్‌లోనూ, అది ఒకే బైటు: లైన్ ఫీడ్, సంఖ్య 10. విండోస్‌లో రెండు బైట్లు: క్యారేజ్ రిటర్న్ 13, దాని వెనకే 10. మొదటిదాన్ని ఎల్‌ఎఫ్ అనీ రెండోదాన్ని సీఆర్‌ఎల్‌ఎఫ్ అనీ అంటాం. ఈ రెండు బైట్ల పద్ధతి టెలిటైపు యంత్రాల నాటిది. 1963లో వచ్చిన మోడల్ 33 సెకనుకు 10 అక్షరాలు కొట్టేది. అచ్చుతల కుడి చివర నుంచి ఎడమకు తిరిగి రావడానికి ఒక అక్షరం కొట్టే సమయం చాలదు కాబట్టి, వెనక్కి రమ్మని ఒక కోడ్, కాగితం జరపమని మరో కోడ్ పంపేవారు. యంత్రాలు మూలపడ్డాయి, అలవాటు మాత్రం సీపీఎం అనే పాత ఆపరేటింగ్ సిస్టమ్ నుంచి డాస్‌కు, డాస్ నుంచి విండోస్‌కు వచ్చింది. మరో పాత సిస్టమ్ మల్టిక్స్, దాని తర్వాత యూనిక్స్ ఒక్క ఎల్‌ఎఫ్ చాలనుకున్నాయి. పాత మ్యాక్‌లు ఒక్క క్యారేజ్ రిటర్న్ (సీఆర్)తో సరిపెట్టుకునేవి. 2001లో ఓఎస్ ఎక్స్ వచ్చాక అవీ ఎల్‌ఎఫ్ దారి పట్టాయి.

గిట్ దృష్టిలో 13 ఉన్న వరుసా లేని వరుసా రెండు వేర్వేరు వరుసలు. ఒకరి ఎడిటర్ ఫైలు మొత్తాన్ని సీఆర్‌ఎల్‌ఎఫ్‌గా సేవ్ చేస్తే ఆ ఫైల్లో మారని వరుసంటూ ఉండదు.

దీన్ని సర్దడానికి గిట్‌లో కోర్.ఆటోసీఆర్‌ఎల్‌ఎఫ్ అనే సెట్టింగ్ ఉంది. కమిట్ అంటే మార్పును రెపోలో నమోదు చేయడం, చెక్ఔట్ అంటే రెపోలోని ఫైలును డిస్కు మీదికి తెచ్చుకోవడం. విలువ ట్రూ అయితే కమిట్‌లోకి ఎల్‌ఎఫ్‌గా వెళుతుంది, చెక్ఔట్‌లో సీఆర్‌ఎల్‌ఎఫ్‌గా వస్తుంది. ఇన్‌పుట్ అయితే లోపలికి వెళ్లేటప్పుడు మాత్రమే మారుస్తుంది, వచ్చేటప్పుడు ముట్టుకోదు. ఫాల్స్ అయితే రెండు వైపులా ఉన్నది ఉన్నట్టే. విండోస్‌లో గిట్ ఇన్‌స్టాల్ చేసేటప్పుడు ఈ మూడూ అడుగుతుంది, ముందే టిక్ పెట్టి ఉండేది ట్రూ. మ్యాక్‌లో ఎవరూ ఏమీ పెట్టకపోతే ఫాల్స్ కిందే లెక్క. మీ ఇద్దరు విండోస్ వాళ్లలో ఒకరు ఎప్పుడో ఫాల్స్ ఎంచుకుని ఉంటారని మా అనుమానం. అయినా ఎవరినీ అనాల్సిన పనిలేదు. రెపో మొత్తానికి చెందిన నిర్ణయాన్ని ఒక్కొక్కరి ల్యాప్‌టాప్ సెట్టింగ్‌కు వదిలేయడమే అసలు పొరపాటు. అది తిలాపాపం తలా పిడికెడు వ్యవహారం.

ముందు ఏ ఫైలు ఎలా ఉందో చూడండి. గిట్ 2.8 నుంచి ఈ కమాండ్ ఉంది:

గిట్ ఎల్‌ఎస్-ఫైల్స్ --ఈఓఎల్

జవాబు ఇలా వస్తుంది:

ఐ/ఎల్‌ఎఫ్   డబ్ల్యూ/ఎల్‌ఎఫ్   అట్ర్/   ఆర్డర్.జావా
ఐ/సీఆర్‌ఎల్‌ఎఫ్   డబ్ల్యూ/సీఆర్‌ఎల్‌ఎఫ్   అట్ర్/   పేమెంట్.జావా
ఐ/మిక్స్‌డ్   డబ్ల్యూ/మిక్స్‌డ్   అట్ర్/   బిల్లింగ్.జావా

"ఐ" అంటే ఇండెక్స్‌లో, అంటే గిట్ దగ్గర భద్రంగా ఉన్న రూపం. "డబ్ల్యూ" అంటే మీ డిస్కు మీద ఉన్న రూపం. మూడో గడిలో ఆ ఫైలుకు వర్తించే నియమం రావాలి. పైన అది ఖాళీగా ఉంది, అంటే రెపోలో నియమం ఏదీ రాసి లేదు. మిక్స్‌డ్ అంటే ఒకే ఫైల్లో రెండు రకాల వరుసలూ ఉన్నాయని. ఎక్కువ తలనొప్పి వాటితోనే, ఎందుకంటే ఏ ఎడిటర్ తెరిచి సేవ్ చేసినా ఏదో ఒక వైపుకు లాగేసే అవకాశం ఉంది.

శాశ్వత వైద్యం కింద నాలుగో జవాబులో ఉంది. ఈలోగా రివ్యూ ఆగకుండా గిట్ డిఫ్ --ఇగ్నోర్-సీఆర్-ఎట్-ఈఓఎల్ అని కొట్టండి, నిజంగా మారిన ఆ రెండు వరుసలే కనిపిస్తాయి. గిట్‌హబ్ పేజీలోనే చూస్తుంటే ఖాళీల తేడాలను దాచే టిక్ ఒకటి ఉంటుంది, అదీ పనిచేస్తుంది.

ప్రశ్న: కమిట్‌కు ఫైళ్లను సిద్ధం చేసే గిట్ యాడ్ కొట్టిన ప్రతిసారీ "ఎల్‌ఎఫ్ స్థానంలో సీఆర్‌ఎల్‌ఎఫ్ వస్తుంది" అని హెచ్చరిక. ప్రమాదమా?
— బీటీఎం లేఔట్

జవాబు: కాదు. మీ డిస్కు మీద ఫైలు ఇప్పుడు ఎల్‌ఎఫ్‌తో ఉంది, మీ సెట్టింగ్ ట్రూ. ఈసారి గిట్ ఆ ఫైలును చెక్ఔట్ చేస్తే సీఆర్‌ఎల్‌ఎఫ్‌తో రాస్తానని ముందే చెబుతోంది, అంతే. కమిట్‌లోకి వెళ్లేది ఎల్‌ఎఫే. కోర్.సేఫ్‌సీఆర్‌ఎల్‌ఎఫ్‌ను ఫాల్స్ చేస్తే హెచ్చరిక ఆగిపోతుంది గానీ, మిక్స్‌డ్ ఫైళ్ల మీద వచ్చే పనికొచ్చే హెచ్చరికలు కూడా దానితోపాటే ఆగిపోతాయి. మేమైతే నోరు నొక్కం.

ప్రశ్న: డాకర్ ఇమేజ్ (ప్రోగ్రామ్‌నూ దానికి కావాల్సినవాటినీ కలిపి కట్టిన మూట) బిల్డ్ అవుతోంది. రన్ చేస్తే ఎంట్రీపాయింట్.ఎస్‌హెచ్ దగ్గర "అలాంటి ఫైలు లేదు" అని చచ్చిపోతోంది. కంటైనర్ (నడుస్తున్న ఇమేజ్) లోపలికి వెళ్లి చూస్తే ఫైలు అక్కడే ఉంది, అనుమతులూ సరిగానే ఉన్నాయి. విచిత్రమేమిటంటే సీఐలో (కోడ్‌ను తనంతట తానే బిల్డ్ చేసి పరీక్షించే సర్వర్లో) ఇదే బ్రాంచ్ (కోడ్ శాఖ) హాయిగా నడుస్తోంది. నాది విండోస్ ల్యాప్‌టాప్.
— వైట్‌ఫీల్డ్

జవాబు: లేదని చెబుతున్నది ఆ స్క్రిప్టు గురించి కాదు, దాన్ని నడపాల్సిన షెల్ (కమాండ్లు నడిపే ప్రోగ్రామ్) గురించి. స్క్రిప్టు మొదటి వరుసలో #! తర్వాత షెల్ దారి రాస్తాం. లినక్స్ కెర్నల్ (సిస్టమ్ గుండెకాయ) ఆ వరుసను ఎల్‌ఎఫ్ వచ్చేవరకు చదివి, అంతవరకు ఉన్నదాన్ని ప్రోగ్రామ్ పేరుగా తీసుకుంటుంది. మీ ఫైల్లో ఎల్‌ఎఫ్‌కు ముందు 13 ఉంది కదా, అది కూడా పేరులో కలిసిపోతుంది. అంటే కెర్నల్ వెతుకుతున్నది /బిన్/బాష్ అనే షెల్ కోసం కాదు, "బాష్" వెనక కనిపించని అక్షరం తగిలించుకున్న మరో పేరు కోసం. ఆ పేరుతో ఫైలు ఎక్కడా లేదు. కెర్నల్ చెప్పేది నిజమే.

సీఐలో ఎందుకు నడుస్తోందంటే, అక్కడి లినక్స్ మెషీన్ రెపోను క్లోన్ చేస్తే ఎల్‌ఎఫ్ ఫైలే వస్తుంది. మీ ల్యాప్‌టాప్‌లో ఆటోసీఆర్‌ఎల్‌ఎఫ్ ట్రూగా ఉండటంతో చెక్ఔట్‌లో 13 చేరింది. డాకర్ కాపీ చేసుకునేది గిట్ లోపలి ఫైలును కాదు, మీ ఫోల్డర్లో ఉన్న ఫైలును.

నిర్ధారించుకోవడం సులువు. క్యాట్ -ఏ ఎంట్రీపాయింట్.ఎస్‌హెచ్ అని కొట్టండి. ఇక్కడి ఏ ఇంగ్లిషు పెద్ద అక్షరం. ప్రతి వరుస చివర ఒట్టి $ ఉంటే మంచిదే, ^ఎం$ అని ఉంటే దొంగ దొరికినట్టే. ఒట్టి $ మాత్రమే ఉండి కూడా ఇదే తప్పు వస్తుంటే బేస్ ఇమేజ్ (మీ ఇమేజ్‌కు పునాది) చూడండి. ఆల్పైన్ అనే చిన్న లినక్స్ ఇమేజ్‌లో మామూలుగా బాష్ ఉండదు, అప్పుడు కూడా సరిగ్గా ఇదే మాట వస్తుంది. దానికి మందు మొదటి వరుసలో /బిన్/ఎస్‌హెచ్ రాయడం, లేదా బాష్‌ను ఇమేజ్‌లో ఇన్‌స్టాల్ చేయడం.

వరుస చివరల జబ్బే అయితే రెపో మూలంలో .గిట్‌అట్రిబ్యూట్స్ (ఫైళ్ల నియమాలు రాసే) ఫైల్లో ఈ వరుస చేర్చండి:

*.ఎస్‌హెచ్ టెక్స్ట్ ఈఓఎల్=ఎల్‌ఎఫ్

చేర్చాక చాలామంది ఇక్కడే బోల్తా పడతారు. నియమం రాసినంత మాత్రాన మీ డిస్కు మీద ఉన్న ఫైలు మారదు. గిట్ లెక్కలో అది మారని ఫైలు కాబట్టి, ఉత్త చెక్ఔట్ కొట్టినా దాని జోలికి పోకపోవచ్చు. ఫైలును డిలీట్ చేసి, తర్వాత గిట్ చెక్ఔట్ -- ఎంట్రీపాయింట్.ఎస్‌హెచ్ అనండి. అప్పుడు కొత్త నియమంతో మళ్లీ రాస్తుంది. చేసిన మార్పులేవైనా ఉంటే ముందు కమిట్ చేసుకోవడం మరవకండి. డాకర్‌ఫైల్లో వరుస చివరలను ఎల్‌ఎఫ్‌కు మార్చే డాస్2యూనిక్స్ నడిపి సరిపెట్టేవాళ్లూ ఉన్నారు. పనైతే జరుగుతుంది గానీ, రేపు ఇంకో స్క్రిప్టు వస్తే దానికీ గుర్తుపెట్టుకుని ఆ వరుస రాయాలి.

అడగకపోయినా ఒక మాట. ఇదే 13 డాట్ ఎన్వ్ ఫైల్లో (పాస్‌వర్డ్ లాంటి సెట్టింగులు ఉండేది) చేరితే ఇంకా మొండిది. బాష్‌లో సోర్స్ చేసినప్పుడు (ఆ ఫైలును లోపలికి చదివించినప్పుడు) పాస్‌వర్డ్ చివర సీఆర్ అతుక్కుని డేటాబేస్ లాగిన్ తిరగ్గొడుతుంది. లాగ్‌లో అచ్చు వేసి చూసినా పాస్‌వర్డ్ సరిగ్గానే కనిపిస్తుంది. పైగా ఆ ఫైలు సాధారణంగా గిట్ పట్టించుకోకూడని ఫైళ్ల జాబితా అయిన గిట్‌ఇగ్నోర్‌లో ఉంటుంది కాబట్టి గిట్‌అట్రిబ్యూట్స్ నియమం దాన్ని తాకనే తాకదు. దానికి ఎడిటర్ స్థాయిలోనే కట్టడి చేయాలి. ఎడిటర్‌కాన్ఫిగ్ ఫైల్లో ఎండ్_ఆఫ్_లైన్ = ఎల్‌ఎఫ్ అని పెట్టండి. వీఎస్ కోడ్‌లో అయితే కింద కుడి మూల ఎల్‌ఎఫ్, సీఆర్‌ఎల్‌ఎఫ్ అని కనిపించే చోట నొక్కి మార్చుకోవచ్చు.

ప్రశ్న: మాది పదేళ్ల రెపో. ఎల్‌ఎఫ్, సీఆర్‌ఎల్‌ఎఫ్, మిక్స్‌డ్ అన్నీ ఉన్నాయి. ఒకేసారి శుభ్రం చేద్దామంటే బ్లేమ్ (ఏ వరుస ఎవరు రాశారో చూపే సదుపాయం) పాడవుతుందని, నడుస్తున్న బ్రాంచ్‌లన్నీ కొట్టుకుంటాయని సీనియర్లు ఒప్పుకోవడం లేదు. వాళ్లను ఒప్పించే మార్గం చెబుతారా?
— కృష్ణరాజపురం

జవాబు: సీనియర్ల భయం ఉత్తది కాదు. రెండింటికీ మందుంది గానీ క్రమం తప్పకూడదు.

రోజు ఎంచుకోవడం సగం పని. రిలీజ్ అయిన మర్నాడు, పెండింగ్ పుల్ రిక్వెస్టులు వీలైనన్ని మెర్జ్ అయ్యాక (మెయిన్ అనే ప్రధాన బ్రాంచ్‌లో కలిశాక) మొదలుపెట్టండి. పని చేసేవారి ఫోల్డర్లో గిట్ స్టేటస్ ఖాళీగా ఉండాలి. లేకపోతే మీ సగం పనులు కూడా ఈ కమిట్‌లోకి ఎక్కేస్తాయి. తర్వాత రెపో మూలంలో .గిట్‌అట్రిబ్యూట్స్ రాయండి:

* టెక్స్ట్=ఆటో
*.ఎస్‌హెచ్ టెక్స్ట్ ఈఓఎల్=ఎల్‌ఎఫ్
*.బ్యాట్ టెక్స్ట్ ఈఓఎల్=సీఆర్‌ఎల్‌ఎఫ్
*.పీఎన్‌జీ బైనరీ
*.జార్ బైనరీ

మొదటి వరుస అర్థం: టెక్స్ట్ ఏదో బైనరీ (బొమ్మల్లాంటి, టెక్స్ట్ కాని ఫైలు) ఏదో నువ్వే తేల్చుకో, టెక్స్ట్ అయితే కమిట్‌లో ఎల్‌ఎఫ్‌గా ఉంచు. ఒకే ఫైలుకు రెండు నియమాలు తగిలితే కింద రాసినదే చెల్లుతుంది, కాబట్టి నక్షత్రం వరుస పైనే ఉండాలి. బ్యాచ్ ఫైళ్లకు సీఆర్‌ఎల్‌ఎఫ్ ఎందుకంటే, ఎల్‌ఎఫ్ మాత్రమే ఉంటే వాటిని నడిపే విండోస్ సీఎండీ కొన్నిసార్లు గోటూ లేబుళ్లను (దూకాల్సిన చోట్ల పేర్లను) కనిపెట్టలేదు. అదీ అన్నిసార్లూ కాదు, ఫైల్లో లేబుల్ పడిన చోటును బట్టి. అలాంటి బగ్ వెనక తిరగడం కన్నా ఒక వరుస రాసేయడం నయం.

టెక్స్ట్=ఆటో రాయగానే పాత ఫైళ్లన్నీ మారిపోతాయని అనుకోవద్దు. ఇప్పటికే సీఆర్‌ఎల్‌ఎఫ్‌తో కమిట్ అయిన ఫైలును ఆటో కదిలించదు. పాత పొరపాట్లు ఎవరికీ చెప్పాపెట్టకుండా మారిపోకూడదని గిట్ అలా పెట్టింది. కాబట్టి మనమే చెప్పాలి:

గిట్ యాడ్ .గిట్‌అట్రిబ్యూట్స్
గిట్ యాడ్ --రీనార్మలైజ్ .

రెండో కమాండ్ గిట్ 2.16 నుంచి ఉంది. అది ట్రాక్ అయిన ఫైళ్లనే చూస్తుంది, కొత్తగా పెట్టిన గిట్‌అట్రిబ్యూట్స్‌ను తనంతట తాను చేర్చదు. మొదటి వరుస అందుకే.

కమిట్ చేసేముందు గిట్ డిఫ్ --క్యాష్‌డ్ --ఇగ్నోర్-సీఆర్-ఎట్-ఈఓఎల్ కొట్టి చూపించండి. గిట్‌అట్రిబ్యూట్స్ తప్ప ఇంకేమీ కనిపించకూడదు. "వేల వరుసలు మారాయి, కోడ్ ఒక్క అక్షరం మారలేదు" అన్న మాటకు సీనియర్ల ముందు పెట్టే రుజువు ఇదే. ఏదైనా బైనరీ ఫైలు ఆ జాబితాలోకి దూరితే దాని ఎక్స్‌టెన్షన్‌కు బైనరీ నియమం రాసి మళ్లీ మొదలుపెట్టండి. ఈ కమిట్‌లో ఇంకే మార్పూ కలపకండి, ఎంత చిన్నదైనా సరే.

బ్లేమ్ సంగతి. ఆ కమిట్ పూర్తి హ్యాష్‌ను (దాని గుర్తింపు కోడ్‌ను) .గిట్-బ్లేమ్-ఇగ్నోర్-రెవ్స్ అనే ఫైల్లో రాసి రెపోలో పెట్టండి. ప్రతి ఒక్కరూ ఒకసారి గిట్ కాన్ఫిగ్ బ్లేమ్.ఇగ్నోర్‌రెవ్స్‌ఫైల్ .గిట్-బ్లేమ్-ఇగ్నోర్-రెవ్స్ అని కొట్టుకోవాలి. ఇది గిట్ 2.23 నుంచి, అంటే 2019 నుంచి ఉంది. ఆ కమిట్‌ను దాటి, అసలు ఆ వరుస రాసినవారి పేరే చూపిస్తుంది. గిట్‌హబ్ ఈ పేరుతో ఉన్న ఫైలును తనంతటే గుర్తిస్తుంది. స్క్వాష్ మెర్జ్ (కమిట్లన్నిటినీ ఒకటిగా చేసి కలపడం) చేస్తే హ్యాష్ మారిపోతుంది కాబట్టి మెయిన్‌లో పడ్డాక వచ్చిన హ్యాష్‌నే రాయాలి. ఇక్కడ తప్పు చేసి "పనిచేయడం లేదు" అని తల పట్టుకునేవాళ్లే ఎక్కువ.

మెర్జ్ కాని బ్రాంచ్‌ల సంగతి. మామూలుగా మెర్జ్ చేస్తే ప్రతి వరుసా గొడవే. బ్రాంచ్‌లో నిలబడి ఇలా చేయండి (ఎక్స్ ఇంగ్లిషు పెద్ద అక్షరం):

గిట్ మెర్జ్ -ఎక్స్ రీనార్మలైజ్ మెయిన్

అప్పుడు గిట్ మూడు రూపాలనూ, అంటే రెండు బ్రాంచ్‌లు విడిపోయిన నాటిదీ, మీదీ, మెయిన్‌దీ, ముందు ఒకే రకం వరుస చివరలకు తెచ్చి తర్వాత పోలుస్తుంది. నిజంగా ఇద్దరూ ముట్టుకున్న వరుసలే గొడవకు మిగులుతాయి. బ్రాంచ్‌లో ముందుగా అదే గిట్‌అట్రిబ్యూట్స్ ఫైలు ఒక్కటి కమిట్ చేసుకుని మెర్జ్ చేస్తే ఇంకా నిశ్చింత, ముఖ్యంగా పాత గిట్ వాడేవారికి.

ప్రశ్న: విండోస్‌లో డబ్ల్యూఎస్‌ఎల్ (విండోస్ లోపలే లినక్స్ నడిపే సదుపాయం) వాడుతున్నాను. అదే ఫోల్డర్లో విండోస్ గిట్‌తో స్టేటస్ చూస్తే శుభ్రం, డబ్ల్యూఎస్‌ఎల్‌లోని ఉబుంటు (ఒక రకం లినక్స్) గిట్‌తో చూస్తే అన్ని ఫైళ్లూ మారినట్టు.
— ఎలక్ట్రానిక్ సిటీ

జవాబు: రెండు గిట్‌లకూ వేర్వేరు గ్లోబల్ సెట్టింగులు. విండోస్ గిట్ సీఆర్‌ఎల్‌ఎఫ్‌తో రాసింది, ఉబుంటు గిట్‌కు ఆ సంగతి తెలియదు. పైన చెప్పిన టెక్స్ట్=ఆటో వరుస ఉంటే రెండూ ఒకే లెక్క చూస్తాయి. అసలైతే లినక్స్ వైపు పని చేసే రెపోను సీ డ్రైవులో కాకుండా డబ్ల్యూఎస్‌ఎల్ హోమ్ ఫోల్డర్లోనే క్లోన్ చేసుకోండి, వేగం కూడా బాగుంటుంది.

ప్రశ్న: మా పాత విండోస్ సాఫ్ట్‌వేర్‌కు తెలుగు, కన్నడ పాఠాలున్న టెక్స్ట్ ఫైళ్లు ఉన్నాయి. గిట్‌అట్రిబ్యూట్స్‌లో *.టీఎక్స్‌టీ టెక్స్ట్ అని పెట్టాం. మ్యాక్‌లో బాగానే ఉన్నాయి. విండోస్‌లో చెక్ఔట్ చేస్తే కన్నడ ఫైల్లో వరుస విడిచి వరుస చెత్తగా వస్తోంది. తెలుగు ఫైల్లో వరుస మధ్యలో కూడా చెడుతోంది. రెండింటికీ తేడా ఎందుకు?
— కోరమంగళ

జవాబు: ఈ నెల ప్రశ్నల్లో మాకు బాగా నచ్చింది ఇదే. మీ ఫైళ్లు యూటీఎఫ్-8 కావు, యూటీఎఫ్-16 (రెండూ అక్షరాలను బైట్లుగా రాసే పద్ధతులు). యూటీఎఫ్-16లో దాదాపు ప్రతి అక్షరానికీ రెండు బైట్లు, ఎల్‌ఎఫ్‌కు కూడా: 10, దాని వెంట 0. ఇలాంటి ఫైళ్లలో సున్నా బైట్లు ఉంటాయి కాబట్టి, గిట్‌ను తేల్చుకోమంటే బైనరీ అని వదిలేసేది. మీరు టెక్స్ట్ అని గట్టిగా చెప్పేశారు. దాంతో విండోస్‌లో 10 అనే బైటు కనిపించిన ప్రతిచోటా, దాని ముందు 13 లేకపోతే, ఒక 13 దూర్చింది. ఒక్క బైటు చేరగానే అక్కడి నుంచి జతలన్నీ ఒక అడుగు పక్కకు జరుగుతాయి. ఇంగ్లిషు అక్షరాలు చైనా అక్షరాల్లా కనిపిస్తాయి. తర్వాతి వరుస చివర ఇంకో 13 చేరగానే జతలు మళ్లీ కుదురుతాయి. అందుకే వరుస విడిచి వరుస.

ఇక తెలుగు. యూనికోడ్‌లో "ఊ" సంఖ్య 3082. రెండు బైట్లుగా విడదీస్తే 12, 10. అంటే "ఊరు" అని రాసిన ప్రతిచోటా గిట్‌కు ఒక వరుస ముగిసినట్టే కనిపిస్తుంది! అక్కడే 13 దూరి, జతలు వరుస మధ్యలోనే చెదురుతాయి. కన్నడ, తమిళ అక్షరాల బైట్లలో 10 ఎక్కడా లేదు, వాటికి ఈ గండం లేదు. హిందీ "ఊ"కు ఉంది. మలయాళం "ఊ" సంఖ్య 3338, అంటే 13, 10: పెద్ద బైటు ముందుండే పద్ధతిలో రాస్తే అచ్చంగా సీఆర్‌ఎల్‌ఎఫే.

ఊరట ఏమిటంటే మీ రెపోలో ఉన్నది చెడలేదు, చెడింది విండోస్ చెక్ఔట్ కాపీ మాత్రమే. ఆ చెడిన కాపీని ఎడిటర్లో తెరిచి సేవ్ చేయనివ్వకండి. ఆ ఫైళ్ల నియమాన్ని బైనరీగా మార్చి, డిలీట్ చేసి, మళ్లీ చెక్ఔట్ చేయండి. తర్వాత వీలుంటే యూటీఎఫ్-8కు మార్చేయండి. అందులో "ఊ"కు మూడు బైట్లు: 224, 176, 138. తెలుగు అక్షరాల బైట్లేవీ 128కి తగ్గవు కాబట్టి 10తో, 13తో ఎన్నటికీ తగవు రాదు. పాత సాఫ్ట్‌వేర్ యూటీఎఫ్-16 తప్ప చదవనని మొండికేస్తే గిట్ 2.18 నుంచి వర్కింగ్-ట్రీ-ఎన్‌కోడింగ్ అనే అట్రిబ్యూట్ ఉంది. రెపోలో యూటీఎఫ్-8గా దాచి, డిస్కు మీద యూటీఎఫ్-16గా రాస్తుంది. దాన్ని టీమ్‌లో అందరి గిట్ వెర్షన్లూ చూసుకున్నాకే పెట్టండి.

అన్నట్టు, ఇలాంటి ఫైళ్లు కొత్తగా ఎక్కడి నుంచి పుడుతున్నాయో వెతికితే తరచూ తేలేది విండోస్ పవర్‌షెల్ 5.1. అందులో > గుర్తుతో ఫైల్లోకి మళ్లిస్తే యూటీఎఫ్-16లోనే రాస్తుంది.

ప్రశ్న: మేమింకా గిట్ లాంటి మరో పాత సాధనం సబ్‌వెర్షన్‌లోనే ఉన్నాం. మాకేమిటి దారి?
— పీణ్య

జవాబు: ఫైలుకు ఎస్‌వీఎన్:ఈఓఎల్-స్టైల్ అనే ప్రాపర్టీ పెట్టాలి. నేటివ్ అంటే ఏ మెషీన్‌కు తగ్గట్టు ఆ మెషీన్‌లో, స్క్రిప్టులకు ఎల్‌ఎఫ్ అని ఖాయం చేయవచ్చు. మిక్స్‌డ్ ఫైలుకు పెట్టబోతే సబ్‌వెర్షన్ ఒప్పుకోదు, ముందు డాస్2యూనిక్స్ నడిపి పెట్టండి. ఇది ఫైలు ఫైలుకూ విడిగా అంటుకునే ప్రాపర్టీ కావడంతో కొత్త ఫైళ్లకు మరిచిపోతుంటారు. 1.8 వెర్షన్ నుంచి ఎస్‌వీఎన్:ఆటో-ప్రాప్స్‌ను రెపో మూలంలోని ఫోల్డర్ మీదే పెట్టవచ్చు, అప్పుడు కొత్తగా యాడ్ చేసే ఫైళ్లకు తనంతటే అంటుకుంటుంది.